ఒక ఉదయమునకై ముప్పది రెండేండ్లు

2003వ సంవత్సరము అక్టోబరు 15వ తేది ఉదయమున, చీనా కాలమానము ప్రకారము సరిగా తొమ్మిది గంటలకు, గోబీ ఎడారి ప్రాంతమునుండి ఒక రాకెట్టు పైకి లేచినది. దాని కొనయందు షెంజౌ-5 అను వ్యోమనౌక. ఆ నౌకలో యాంగ్ లివెయి అను ముప్పదియెనిమిదేండ్ల వైమానికుడు. ఆతడు 21 గంటల 23 నిమిషముల కాలము ఆకాశమున ఉండి, భూగోళమును 14 మారులు చుట్టి, మరునాటి ఉదయము లోపలి మంగోలియా పచ్చికబయళ్ళలో దిగెను. తన నౌకలో, తన రాకెట్టుమీద, తన మనుష్యుని అంతరిక్షమునకు పంపిన దేశములలో చీనా మూడవది. తక్కిన రెండును, అనగా సోవియట్ రష్యాయు అమెరికాయు, ఆ పనిని 1961లోనే చేసియుండిరి.

మనవారు ‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అందురు. వచ్చి భోజనము చేసి పోవు చుట్టమునకు ముహూర్తము మాత్రమే కనబడును. ఇంటివానికి అంతకు పూర్వము గడచిన నెలలన్నియు జ్ఞప్తియందుండును. చీనావారి వ్యోమయానమును ప్రపంచము చుట్టమువలె చూచినది. ఆ యింటివారు పడిన పాట్లెట్టివో, ఎన్నిమారులు ముహూర్తము పెట్టుకొని మానుకొనిరో, ఎవరెవరు ముస్తాబై పీటలమీద కూర్చుండకయే లేచిపోయిరో, ఆ సంగతిని గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఈ కథ చెప్పువారు సామాన్యముగా వాన్ హూ అనువానితో మొదలు పెట్టుదురు. మింగు వంశపు రాజుల కాలమున అతడొక ఉద్యోగియట. కుర్చీకి 47 బాణసంచా రాకెట్లను కట్టించి, దానిపై కూర్చుండి, సేవకులచేత అన్నిటికిని ఒక్కమారే నిప్పు పెట్టించెనట. పెద్ద మ్రోతయు పొగయు లేచెను. పొగ విడిపోవుసరికి కుర్చీయు లేదు, వాన్ హూయు లేడు. వినుటకు సొంపైన కథయే. చంద్రుని ఆవలివైపున ఒక బిలమునకు ఇతని పేరు పెట్టిరి కూడ. కాని చరిత్ర చదువువాడు ఇది ఏ చీనా గ్రంథమున నున్నదని అడుగవలెను. ప్రాచీన గ్రంథములలో దీని జాడ కానరాదు. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా పత్రికలలో ఇది అగపడినది. కాబట్టి దీనిని పిల్లలకు చెప్పు కథగా ఉంచుటయే మేలు. చీనావారు మందుగుండును కనిపెట్టిరి, దానితో ఎగురు అగ్నిబాణములను యుద్ధములలో వాడిరి, ఇంతమట్టుకు సత్యము. అక్కడనుండి మనుష్యుడు ఎక్కు నౌకవరకు గల దారి మాత్రము, విచిత్రముగా, అమెరికాలోని కాలిఫోర్నియా మీదుగా వచ్చినది.

చియెన్ షుయెసెన్ 1911లో పుట్టెను. 1935లో చదువునకై అమెరికా పోయి, కాలిఫోర్నియాలో థియొడోర్ ఫాన్ కార్మాన్ అను మహాశాస్త్రజ్ఞుని శిష్యుడై, అచ్చట రాకెట్టు విద్యకు పునాదులు వేసినవారిలో ఒకడాయెను. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము ఆతని మేధను వినియోగించుకొనెను. యుద్ధము ముగిసి, చీనాలో ప్రభుత్వము మారి, అమెరికాలో కమ్యూనిస్టులన్న అనుమానము ముదిరిన 1950లో ఆతనిని పనినుండి తప్పించిరి. స్వదేశమునకు పోవుదునన్న పోనీయలేదు, ఉండనీయను లేదు. ఐదేండ్లు ఇట్లు గడచిన పిమ్మట 1955లో ఆతనిని విడిచిరి. మరుసటి ఏడే అక్టోబరు 8న బీజింగులో క్షిపణుల పరిశోధనాలయము ఏర్పడినది; దానికి అధిపతి చియెన్. తమ యొద్దనున్న మనుష్యుని తామే తరిమి, పిమ్మట నలుబదియేండ్లు అమెరికావారు దానిని గూర్చి వగచిరనిన, అది వారు స్వయముగా కొనితెచ్చుకొన్న వగపు.

1957 అక్టోబరులో రష్యావారి స్పుత్నిక్ ఎగిరెను. మనము ఒక ఉర్లగడ్డనైనను ఆకాశమునకు పంపజాలమే అని మావో సేటుంగ్ అనెనని చెప్పుదురు. 1958 మే నెలలో, మనమును ఉపగ్రహమును చేయవలెనని ఆయన బహిరంగముగ పలికెను. పలుకుట సులభము. ఆ పలుకు వెనుక ఆనాడేమున్నదో తెలియవలెనన్న 1960 ఫిబ్రవరి 19వ తేదిని షాంఘై సమీపమున జరిగిన ఒక ప్రయోగమును చూడవలెను. టి-7ఎమ్ అను చిన్న రాకెట్టును నిలిపిరి. ఆజ్ఞలిచ్చు గదికి గోడలు ఇసుక బస్తాలు. ఇంధనమును ఎక్కించుటకు తగిన యంత్రము లేక సైకిలు పంపుతో ఒత్తిడి పుట్టించిరి. ప్రయోగస్థలమునకు మాట చేర్చు సాధనము లేక కేకలతోను చేసైగలతోను పని జరిపిరి. రాకెట్టు 8 కిలోమీటర్ల ఎత్తు పోయెను. అందు పనిచేసిన యువకులకు అది స్వర్గారోహణమువలెనే తోచియుండును. ఆ యేడే ఆగస్టులో రష్యా నిపుణులు తమ పటములు చుట్టుకొని వెడలిపోయిరి. దేశమున కరవు. ఐనను నవంబరు 5న రష్యా నమూనాను అనుసరించి చీనావారు తామే చేసిన మొదటి క్షిపణి ఎగిరెను.

మనుష్యుని పంపుటకు ముందు జంతువులను పంపుట అన్ని దేశములవారును చేసినదే. 1964లో ఎలుకలను, 1966 జులైలో అన్హుయి రాష్ట్రమునుండి రెండు కుక్కలను పైకి పంపి ప్రాణములతో దింపుకొనిరి. మొదట పోయినది షియావో బావో, రెండవది షాన్ షాన్. ఈ రెండు కుక్కలు దిగిన వేళకు దేశమున సాంస్కృతిక విప్లవమను తుపాను లేచియున్నది. దానిలో చదువుకొన్నవాడు శత్రువాయెను. రాకెట్టు లోహములను గూర్చి పనిచేయుచుండిన యావో తోంగ్‌బిన్ అను శాస్త్రజ్ఞుని 1968 జూన్ నెలలో కొట్టి చంపిరి. ఉపగ్రహము కావలెనని మొదటినుండి పోరాడిన జావో జియుజాంగ్, అవమానములు భరింపలేక, ఆ సంవత్సరమే అక్టోబరులో ప్రాణము తీసికొనెను. 1970 ఏప్రిల్ 24న చీనా మొదటి ఉపగ్రహము, 173 కిలోగ్రాముల బరువుతో, పాట పాడుచు భూమిని చుట్టుచుండగా దేశమంతయు వీధులలోనికి వచ్చి ఆకసమువైపు చూచినది. దానికి మూలపురుషుడైన జావో చూడలేదు. విజయదినములను మాత్రమే వ్రాయు చరిత్రలలో ఇట్టివారికి చోటు దొరకుట కష్టము.

ఆ ఉపగ్రహము పాడిన పాట ఇంకను చెవులలో నుండగనే మనుష్యుని పంపవలెనన్న తలంపు ఆజ్ఞగా మారినది. 1970 జులై 14వ తేదిని ఆమోదము లభించుటచేత ఆ పథకమునకు 714 అని పేరు. నౌకకు షుగ్వాంగ్ అని నామకరణము చేసిరి, అరుణోదయమని అర్థము. ఇద్దరు కూర్చుండు నౌక. 1973 చివరిలోపల ఎగురవలెనని సంకల్పము. వాయుసేనలోని వైమానికులను పరీక్షించి, వడపోసి, 1971 మార్చి నాటికి 19 మందిని ఎన్నిక చేసిరి. వ్యోమవైద్యమునకై అంతకు మునుపే, 1968 ఏప్రిల్ 1న, ప్రత్యేక పరిశోధనాలయము ఏర్పడియుండెను. ఎన్నికైనవారు ఎవరితోను, భార్యతోనైనను, ఈ మాట చెప్పరాదు.

నేను ఈ ప్రసంగమునకు పెట్టిన పేరులో ముప్పది రెండేండ్ల లెక్క ఇచ్చటినుండి మొదలగును. అరుణోదయము కాలేదు. 1971 సెప్టెంబరులో, మావో తరువాతి వాడని పేరొందిన లిన్ బియావో దేశము విడిచి పారిపోవుచు మంగోలియాలో విమానము కూలి చనిపోయెను. వాయుసేనలోని ఆతని పక్షము వారందరిమీద అనుమానము వచ్చి పడినది. వ్యోమగాముల ఎన్నికయు శిక్షణయు వాయుసేన చేతిలోని పనులు. ఇది యొక కారణము. రెండవది, చేతిలో డబ్బు లేకుండుట. మొదట భూమిమీది పనులు చూచుకొందము, ఆకాశము సంగతి తరువాత అని మావో అన్నట్లు చెప్పుదురు. 1972 మే నెలలో ఆ కార్యాలయమును మూసివేసిరి. 19 మందియు తమ తమ దళములకు తిరిగిపోయిరి. పోయి ఏమి చేసిరి? విమానములు నడపిరి, ముసలివారైరి. దశాబ్దములవరకు వారి పేర్లును బయటికి రాలేదు.

ఈ మొదటి సన్నాహము విఫలమగుట చీనాకు మేలే చేసినదని నా అభిప్రాయము. నౌకను భూమికి తిరిగి దింపుట ఆనాడు వారికింకను తెలియదు. ఆ విద్య 1975 నవంబరులో పట్టుబడినది; 26న ఎగిరిన ఉపగ్రహపు గూడు మూడు దినములు తిరిగి భూమికి వచ్చి చేరెను. తిరిగివచ్చు తెరువు తెలియకయే 1973లో ఇద్దరిని పంపియుండినచో ఏమయ్యెడిదో ఊహించుకొనవచ్చును. మన పురాణములో అభిమన్యునికి పద్మవ్యూహము చొచ్చుట తెలియును గాని వెలువడుట తెలియదు. ఆ 19 మందికి ఈ మాట ఓదార్పు కాదు గాని, చరిత్రకారుడు దీనిని చెప్పక తప్పదు.

మధ్యకాలమును త్వరగా దాటుదును. 1986 మార్చి 3వ తేదిని నలుగురు వృద్ధశాస్త్రజ్ఞులు డెంగ్ సియావోపింగ్‌కు ఒక లేఖ వ్రాసిరి. ఇతర దేశములు ఉన్నతవిద్యలలో ముందునకు పోవుచున్నవి, మనము ఊరకుండరాదని. ఆ లేఖనుండి పుట్టిన 863 పథకములో వ్యోమయానమునకు మరల చోటు దొరికినది. పిమ్మట ఐదారేండ్లు వాదము. అమెరికావారి షటిల్‌వలె రెక్కల విమానము కావలెనని కొందరు, గూడువంటి సామాన్యనౌక చాలునని కొందరు. రెక్కలు అందమైనవి, గూడు చౌకయైనది, నమ్మదగినది. గూడే గెలిచినది. 1992 సెప్టెంబరు 21న ప్రభుత్వము తుదినిర్ణయము చేసెను. మొదట మనుష్యుడు పోయి వచ్చుట, తరువాత నౌకలు ఆకాశమున కలిసికొనుట, కడపట నిలుకడయైన గృహము. ఈ మూడు మెట్లను ఆనాడే వ్రాసిపెట్టుకొనిరి. మొత్తమునకు ముఖ్య రూపశిల్పి వాంగ్ యోంగ్‌జి. నౌకకు చీ ఫారెన్. 1998లో ఎగురుటకు యత్నింపవలెను, 1999లో తప్పక ఎగురవలెనని గడువు. ఇదంతయు బయటివారికి చెప్పకుండ జరిగినది.

నౌక పేరు షెంజౌ. దివ్యనౌక అని అర్థము. చీనాదేశమునకు ప్రాచీనమైన మరియొక పేరు ఉచ్చారణలో దీనినే పోలియుండును, దానికి దివ్యభూమి అని అర్థము. ఒకే ధ్వనిలో రెండర్థములు పలుకుట చీనావారికి మన శ్లేషకవులకువలెనే ప్రీతి. నౌక బరువు సుమారు 8 టన్నులు. మూడు భాగములు: ముందు కక్ష్యలో పనిచేయు గది, నడుమ మనుష్యుడు కూర్చుండి తిరిగివచ్చు గూడు, వెనుక యంత్రములు. రష్యావారి సోయజ్‌ను చూచినవానికి దీని పోలిక వెంటనే తెలియును. రష్యానుండి విద్యయు సామగ్రియు కొనిరి, అందు దాపరికము లేదు. ఐనను ఇది సోయజ్ కంటె పెద్దది. దీని ముందరి గది, గూడు దిగిపోయిన తరువాతను తన స్వంత సూర్యఫలకములతో కక్ష్యలో నెలలపర్యంతము పనిచేయుచుండెను. కాపీ యనువారును, ఏమాత్రము కాదనువారును ఇద్దరును తొందరపడుచున్నారు.

రాకెట్టు లాంగ్ మార్చ్-2ఎఫ్. ఎత్తు 58 మీటర్లకు కొంచె మెక్కువ. ఇంధనముతో కూడ సుమారు 480 టన్నులు. కొనమీద సన్నని గోపురమువంటిది యొకటి కనబడును. రాకెట్టునకు ప్రమాదము వచ్చినచో అది నౌకను పీకికొని దూరముగ పారిపోవుటకు. లెక్కలు వేయువారు ప్రయాణము సఫలమగుటకు 0.97 అనియు, మనుష్యుడు బ్రదికియుండుటకు 0.997 అనియు సంఖ్యలు నిర్ణయించిరి. రెండవ సంఖ్యను మరల వినుడు. వేయింట మూడు పాళ్ళు మరణమునకు విడిచిరి. ఇట్టి సంఖ్యను కాగితముమీద వ్రాసి సంతకము చేయువాని హృదయ మెట్లుండునో!

ఎగురు చోటు జియుచువాన్ అని వ్యవహారము. నిజమునకు ఆ పట్టణము గాన్సు రాష్ట్రమున చాల దూరమున నున్నది. ప్రయోగస్థలము లోపలి మంగోలియా ఎడారిలోనిది. 1958లో సైనికులు వచ్చి ఇసుకలో గుంటలు త్రవ్వుకొని దానిని కట్టిరి. నిర్జలమైన చోట వేళ్ళూనికొని బ్రతుకు ఎడారిచెట్లు తప్ప ఇతరమైన నీడ లేదు. అచ్చట ఒక శ్మశానవాటిక కలదు. పనిలో చనిపోయినవారివి, అచ్చటనే పూడ్చబడగోరినవారివి, ఏడువందలకు పైగా సమాధులున్నవి. క్షిపణుల పథకమునకు పెద్దయైన మార్షల్ నియె రోంగ్‌జెన్ 1992లో మరణించినప్పుడు ఆయన అస్థికలను తెచ్చి ఇచ్చటనే ఉంచిరి. వ్యోమగాములు బసచేయు ఇంటికి ‘ఆకాశమును ప్రశ్నించు మందిరము’ అని పేరు. రెండువేల యేండ్లకు మునుపటి చూ యువాన్ అను కవి వ్రాసిన కావ్యము పేరునుండి తీసికొన్నది. ప్రయాణమునకు ముందు వారు ఆ తోటలో మొక్కలు నాటుదురు. రాకెట్టును ఎత్తైన శాలలో నిలువుననే కూర్చి, నిలువుననే పరీక్షించి, నిలువుననే పట్టాలమీద ఒకటిన్నర కిలోమీటరు దూరము మెల్లగా నడిపించుకొని పోవుదురు. మన రథోత్సవము చూచినవారికి ఆ నడక వింత కాదు.

ఇక మనుష్యుల సంగతి. 1,506 మంది వైమానికుల చరిత్రలను తిరుగవేసిరి. ఎత్తు 160 సెంటిమీటర్లకు తక్కువ గాని 172కు ఎక్కువ గాని కారాదు. కనీసము 600 గంటలు విమానము నడిపియుండవలెను. కడకు 12 మందిని ఎన్నుకొనిరి. వారికంటె ముందుగనే వూ జియె, లీ చింగ్‌లోంగ్ అను ఇద్దరిని రష్యాలోని గగారిన్ శిక్షణాలయమునకు పంపి, ఒక సంవత్సరము నేర్పించి, తిరిగివచ్చి తక్కినవారికి గురువులగుటకు నియమించిరి. 1998 జనవరి 5వ తేదిని ఈ 14 మందితో వ్యోమగాముల దళ మేర్పడెను. ఆంగ్ల పత్రికలు వీరికి ‘టైకోనాట్’ అని పేరు తగిలించినవి. చీనావారు మాత్రము ‘హాంగ్‌తియెన్‌యువాన్’ అందురు, ఆకాశమున నావ నడుపువాడని భావము.

వారు తిరిగి పాఠశాల పిల్లలైరి. గణితము, ఖగోళము, వైద్యము, నౌకాయంత్రములు. మధ్యాహ్నము గిరగిర తిరుగు కుర్చీ. మరునాడు పెద్ద చేతివంటి యంత్రము కొనయందు కూర్చుండి వేగముగ త్రిప్పబడుట. ఆ త్రిప్పుటలో మనుష్యుని బరువు ఎనిమిదింతలగును. రొమ్ముమీద ఏనుగు అడుగు పెట్టినట్లు. ముఖమునందలి చర్మము వెనుకకు ఈడ్వబడును, కన్నీరు తానే కారును. నలుబది క్షణములు ఓర్వవలెను. చేతి దగ్గర ఒక గంట మీట ఉండును. నొక్కినచో వెంటనే యంత్రము ఆగును. ఇన్నేండ్లలో ఎవ్వరును దానిని నొక్కలేదని యాంగ్ లివెయి చెప్పెను. ఆయన నౌకలోని ఫలకమును ఎంతగా కంఠస్థము చేసెనన్న, కన్నులు మూసికొనినను ప్రతి మీటయు ఎక్కడున్నదో చెప్పగలిగెడివాడట.

మనుష్యుడు ఎక్కుటకు ముందు నాలుగు నౌకలను ఖాళీగా పంపిరి. ఈ నాలుగు ఖాళీ నౌకలే ఈ చరిత్రయందు నాకు మిక్కిలి గౌరవము కలిగించినవి. మొదటిది 1999 నవంబరు 20న ఎగిరినది. నిజమునకు అది ఎగురుటకు చేసినది కాదు, భూమిమీద విద్యుత్పరీక్షలకై చేసినది. గడువు దాటకుండుటకు దానినే సవరించి పంపిరి. మరునాడు క్షేమముగ దిగినది. ప్రపంచమునకు ఇట్టి పథకమొకటి కలదని ప్రభుత్వము చెప్పినది అప్పుడే. రెండవది 2001 జనవరిలో.

మూడవది 2001 శరత్కాలమున ఎడారికి చేరెను. పరీక్షలలో, గూడు గోడగుండ తీగలు పోవు ఒక సంధిలో ఒక్క తీగ ప్రవాహమును అందించుటలేదని తెలిసినది. వేల తీగలలో ఒకటి. దానికి బదులుగ మరియొకటి సిద్ధముగా ఉన్నదే. పంపివేయవచ్చునని కొందరు, కారాదని కొందరు. విచారింపగా ఆ రకపు సంధులన్నిటియందును లోపము నిర్మాణములోనే ఉన్నదని తేలినది. వందలకొలది మనుష్యులను ఎడారినుండి వెనుకకు పిలిపించి, సంధులన్నిటిని క్రొత్తగా చేయించి, సుమారు మూడు నెలలు ఆలస్యము చేసికొనిరి. గడువు గడువని వెంటబడు రాజ్యములో ఇది సామాన్య విషయము కాదు. 1971 నాటి చీనాకును 2001 నాటి చీనాకును గల భేదమును ఒక్క మాటలో చెప్పుమన్నచో నేను ఆ తీగను చూపుదును. ఆ నౌక 2002 మార్చి 25న ఎగిరెను. దానిలో ఒక బొమ్మ మనిషి కూర్చుండి, ఊపిరిని, గుండె కొట్టుకొనుటను అనుకరించుచు భూమికి వార్తలు పంపెను.

నాలుగవది ఆ యేడు డిసెంబరు 30న. ఎడారిలో చలి పెచ్చు పెరిగి, రాకెట్టునకు నియమించిన హద్దు సున్నకు దిగువ 20 డిగ్రీలు కాగా, దానిని దాటి పడిపోయెను. ఇంజనీర్లు బొంతలు తెచ్చి రాకెట్టునకు చుట్టి, వెచ్చని గాలి ఊది కాపాడిరి. కోట్ల వ్యయముతో చేసిన యంత్రమును పసిబిడ్డవలె బొంతలో చుట్టిన ఆ రాత్రిని తలచుకొన్నప్పుడు, సైకిలు పంపుతో పనిచేసిన 1960 నాటి యువకులు నాకు జ్ఞప్తికి వచ్చుచుందురు.

2003 వచ్చినది. ఫిబ్రవరి 1న అమెరికావారి కొలంబియా దిగుచు దిగుచు ఆకాశమున చెదరిపోయెను. మన దేశమున పుట్టిన కల్పనా చావ్లా తోడ ఏడుగురు మరణించిరి. ఆ దుఃఖము మన ఇండ్లలోనికి ఎట్లు వచ్చినదో శ్రోతలకు జ్ఞాపకమే. చీనాలోని ఆ 14 మందికిని అది వార్త మాత్రమే కాదు. వసంతకాలమున బీజింగులో సార్స్ అను అంటువ్యాధి చెలరేగెను. శిక్షణాలయపు తలుపులు మూసి వ్యోమగాములను బయటివారినుండి వేరుగ ఉంచిరి. వ్యాధి తగ్గెను, శిక్షణ ఆగలేదు. పరీక్షలలో 14 మందియు అర్హులేయని తేలిరి. అయితే నౌకలో ఒక్కనికే చోటు. వారినుండి ముగ్గురిని నిలిపిరి: యాంగ్ లివెయి, జాయ్ జిగాంగ్, నియె హాయ్‌షెంగ్.

నాలుగు నౌకలు, అనగా యువాన్ వాంగ్ ఓడలు, ఆకాశనౌకతో మాటాడుటకు పసిఫిక్, హిందూ, అట్లాంటిక్ మహాసముద్రములలో తమ తమ చోట్లకు చేరెను. ఆఫ్రికాలో నమీబియాయందును కెన్యాయందును, ఇటు కరాచీయందును స్థలకేంద్రములు మేల్కొనెను. అక్టోబరు 15కును 17కును మధ్య ప్రయాణమని ప్రకటన వెడలినది. జనులు టెలివిజనుల ముందు కూర్చుండుటకు సిద్ధపడిరి. కాని కడపటి క్షణమున ప్రత్యక్షప్రసారము మానుకొనిరి. ప్రమాదము జరిగినచో కోట్లమంది కన్నులయెదుట జరుగుననియే కదా సంకోచము! 0.997 అను సంఖ్యను నమ్మిన ప్రభుత్వమే తక్కిన మూడు పాళ్ళకు వెరచినది. దానిని నేను తప్పు పట్టను. కాని ఆ వెరపు ఆ సన్నాహములో భాగమని గుర్తింపవలెను.

14వ తేదిని యాంగ్‌కు తెలిపిరి, పోవువాడు నీవేయని. మరునాడు తెల్లవారకముందే అధ్యక్షుడు హూ జింటావో వచ్చి వీడ్కోలు పలికెను. జాయ్, నియె ఇద్దరును వ్యోమవస్త్రములు ధరించి సిద్ధముగ నుండిరి. యాంగ్‌కు ఏమైన అస్వస్థత కలిగినచో వారిలో ఒకడు పోవలెను. ఆ దుస్తులతోనే వారు ఆగిపోయిరి.

అంత సన్నాహము చేసినను ఒక విషయము ఎవ్వరికిని ముందు తెలియలేదు. ఎగిరిన రెండు నిమిషములకు రాకెట్టు వణకనారంభించెను. క్షణమునకు ఎనిమిది మారులు. మనుష్యుని లోపలి అవయవములు ఏ వేగమున ఊగునో సరిగా ఆ వేగము. 26 క్షణములు. తాను చనిపోవుదునని తోచినట్లు యాంగ్ తరువాత వ్రాసెను. భూమిమీది వారికి తెరమీద కదలని ముఖము మాత్రమే కనబడెను. రాకెట్టు కొననున్న కప్పు విడిపోయి, కిటికీలో సూర్యకాంతి పడి, ఆయన కనురెప్ప ఆడించినప్పుడు, బ్రదికియున్నాడని ఒకరు కేక పెట్టిరట. బొమ్మ మనిషి ఆ వణకును గూర్చి చెప్పజాలడయ్యెను. ఆయన చెప్పిన తరువాత రాకెట్టును సవరించిరి. అప్పటివరకు మొత్తము పథకమునకైన వ్యయము 1,800 కోట్ల యువానులని ప్రకటించిరి.

గగనయానము 2018లో ప్రకటింపబడిన నాటినుండి మనకును ఇట్టి నిరీక్షణ అనుభవమునకు వచ్చినది. శ్రీహరికోటలో రాకెట్టు లేచునప్పుడు పులికాటు సరస్సు ఒడ్డున నిలిచి చూచు మనవారు మెడలెత్తుట సహజము. 1984లో మన రాకేశ శర్మ రష్యావారి నౌకలో అతిథియై పోయి వచ్చెను. స్వంత నౌకను సిద్ధపరచుకొనుట వేరు పని, దాని కాలమానము వేరు.

నౌక ఎక్కనివారి సంగతి మిగిలియున్నది. జాయ్ 2008లో పోయి ఆకాశమున నౌక వెలుపల నడచిన మొదటి చీనావాడాయెను. నియె 2005లోనే పోయెను. 14 మందిలో తొమ్మండుగురికి, ఒకరి తరువాత ఒకరికి, అవకాశము దొరికినది. రష్యా పోయి నేర్చివచ్చి అందరికి నేర్పిన వూ జియె, లీ చింగ్‌లోంగ్ ఇద్దరికిని దొరకలేదు. చెన్ చువాన్, జావో చువాన్‌డోంగ్, పాన్ జాన్‌చున్ అను మువ్వురికిని దొరకలేదు. ఏండ్ల కొలది ప్రతి ఉదయము లేచి, పరుగెత్తి, చదివి, త్రిప్పబడి, బరువు చూచుకొని, ఈ ఐదుగురు 2014లో విరమించిరి.

ఆ తొమ్మండుగురిలో కడపటివాడు డెంగ్ చింగ్‌మింగ్. 1998 జనవరిలో దళములో చేరెను. షెంజౌ-9కి, 10కి, 11కి ప్రత్యామ్నాయముగ నిలిచి, మూడుమారులును ఇతరులు పోవుచుండగ భూమిమీద మిగిలెను. ఎన్నడును పోలేదను మాట ఆయన పేరునకు అంటిపెట్టుకొనియుండెను. 2022 నవంబరు 29వ తేది రాత్రి, అదే ఎడారినుండి, గడ్డకట్టు చలిలో, షెంజౌ-15 ఎగిరినది. దాని మధ్యగదిలో ముగ్గురు కూర్చుండిరి; వారిలో నొకడు ఆయన. చేరిన దినమునుండి ఎగిరిన దినమునకు ఇరువదినాలుగేండ్ల పది నెలలు దాటినవి. ఆనాటికి ఆయన వయస్సు ఏబదియారు సంవత్సరములు.